షోకిలా కబురు

ఉస్త్యుర్త్ మెట్ట మీద, మా వేసవి గుడారాల నుంచి

తమ్ముడు సార్సెన్‌కి,

నిన్న మధ్యాహ్నం మన గుర్రాలు మా గుడారాల ముందుకొచ్చి నిలబడ్డాయి. నేను ఆడగుర్రాల పాలు పిండుతున్నాను. లేచిన దుమ్ము చూసి ఎవరో పెళ్లివారనుకున్నాను. దుమ్ము తగ్గాక ముందు నడుస్తున్న వాణ్ని చూసి చేతిలో తోలు బుంగ జారిపోయింది. వాడి పేరు ఇక్కడ రాయలేను. నీకు తెలుసుగా, మా మామగారి పేరులో ముందు సగం అదే. కోడలు పలికితే నోరు పుచ్చుతుందట. రాస్తే చెయ్యి పడిపోతుందో ఏమో, అత్తగారిని అడిగే ధైర్యం లేదు. ఇసుక రంగు ఒళ్లు, వీపు మీద నల్ల చార, నాన్న సొంత బిడ్డలా పెంచినవాడు. అర్థం చేసుకో.

తోలుకొచ్చిన వాళ్లలో ఒకడి దవడ పక్కకి తిరిగిపోయింది. ఇంకొకడి చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపు వంగింది. ఎముకలు సరిచేసే ముసలాయన ఆ చెయ్యి లాగుతుంటే వాడి భుజాలు నేనే పట్టుకున్నాను. వాడు పళ్లు కొరుక్కుంటూనే నా మొహం చూసి, "మీ పుట్టింటోళ్ల సారె బాగా గట్టిగుంది వదినా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్లు తాగించాను. మన దుడ్డుకర్రలు ఇలా పడితే మా వాళ్లవి ఇంకెలా పడ్డాయో అని రాత్రంతా పొయ్యిలో పిడకలు ఎగదోస్తూ కూర్చున్నాను.

కోపం వచ్చినా ఒక మాట విను. మా వాళ్లు చేసింది దొంగతనం కాదు. పట్టపగలు వచ్చి, వంశం పేరు కేకేసి మరీ తోలుకొచ్చారు. మొన్న విందులో మన బాబాయి కొరడా దెబ్బకి మా వాళ్లలో ఒకతని కన్ను పోయింది. దానికేం చెబుతారని కబురు పంపితే మీరు నోరు విప్పలేదు. ఇక గుర్రాలు తోలుకురావడమే మిగిలింది, అది మన తాతల నాటి నుంచి ఉన్న పద్ధతే. ఇప్పుడు పెద్దలు కూర్చుంటారు, కంటి సంగతి తేలుస్తారు, గుర్రాలు ఇంటికొస్తాయి. అంతవరకు నువ్వు కర్ర పట్టుకుని బయల్దేరకు. నాకు నువ్వూ కావాలి, మా ఇంటాయనా కావాలి. మీరిద్దరూ ఒకే దుమ్ములో ఎదురెదురుగా ఉండటం నేను చూడలేను. అంతకంటే నాకింకేమీ అక్కర్లేదు.

నాన్న ఎలా ఉన్నాడో రాయి. ఉత్తరం ఒంటె మీద తిరిగే బేరగాడికే ఇవ్వు. సూదులమ్ముకోవడం తప్ప వాడికి ఎవరి పక్షమూ లేదు.

అక్క దమేలి


మంగ్‌స్తావ్, తెల్లకొండల కింద, నాన్న గుడారం

అక్కా,

నీ ఉత్తరంలో 'మా వాళ్లు' అని ఎన్నిసార్లు రాశావో చూసుకున్నావా? తప్పు చేసింది మన బాబాయి, పద్ధతిగా వచ్చింది మా వాళ్లు. అత్తింటికెళ్లిన ఆడపిల్ల నాలుక మారుతుందని విన్నాను గానీ ఇంత నున్నగా మారుతుందనుకోలేదు.

నాన్న పక్కటెముకలు విరిగాయి. మందకి అడ్డం వెళ్లి కులా మెడ పట్టుకుని వేలాడాడు. మీ వాళ్లు వేళ్ల మీద కొట్టారు, వదల్లేదు. పక్కలో కొట్టారు, అప్పుడు వదిలాడు. నేను ఆ పక్క మందలో ఉన్నాను, వచ్చేసరికి నాన్న నోట్లోంచి నురగతో రక్తం వస్తోంది. ఇప్పటికీ అడిగేది ఒకటే, "వాడికి నీళ్లు పెట్టారంటావా" అని. ఓదారుద్దామని, "అది ఈ గడ్డ గుర్రం నాన్నా, దానికి దాహమేంటి" అన్నాను. ఆ స్థితిలోనూ తిట్టాడు. "అదీ ఇదీ అన్నావంటే పళ్లు రాలగొడతాను. వాడు అను. నీకంటే వాడే నయం ఈ కొంపకి" అన్నాడు.

తప్పేముంది ఆ మాటలో. వర్షం పడి, పడ్డది పడ్డట్టు గడ్డకట్టి, నేలంతా ఇనుములా బిగిసిపోయిన చలికాలం నీకూ గుర్తుంది. దొరల కోట దగ్గర కొన్న పొడుగుకాళ్ల గుర్రాలన్నీ నిలబడ్డ చోటే చచ్చాయి. కులా ముందరి గిట్టలు పగిలి నెత్తురు కారుతున్నా ఆ గడ్డని పొడుచుకుంటూ వెళ్లాడు. వాడు తవ్విన చోట పిల్లగుర్రాలు మాచిపత్రి మోళ్లు తిని బతికాయి. తర్వాత అందరూ దొరల గుర్రాలతో చూలు కట్టించి జాతి కలిపేసుకున్నారు, కాళ్లు పొడుగైతే చాలని. నాన్న ఒక్కడే వద్దన్నాడు. వాడు పోతే మన మందలో ఆ రక్తం అక్కడితో సరి.

పెద్దలు కూర్చునేసరికి వాడి బీజాలు కొట్టేస్తారో, కోసి కుండలోకే ఎక్కిస్తారో ఎవరికి తెలుసు? వాడెక్కడున్నాడు, కాపలా ఎవరు, ఎలా ఉన్నాడు, ఒక్క ముక్క రాయి. మీ మామ కులాబాయ్ గారి పేరు నువ్వు మింగితే మింగు. మన గుర్రాన్ని కూడా కలిపి మింగకు. వాడికేమైనా అయిందా, ఆ పేరు పలకాలా వద్దా అనే బాధే మీ ఇంట్లో ఎవరికీ లేకుండా చేస్తాను.

సార్సెన్


ఉస్త్యుర్త్, బావుల దగ్గర

తమ్ముడికి,

నాన్న సంగతి చదివి పొయ్యి ముందు కూర్చున్నాను. పొగ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడే ఒలిచిన గొర్రెతోలు వేడి మీద పక్కలకి చుట్టండి, ఆరేదాకా విప్పొద్దు.

నాలుక సంగతా? మారింది. ఇక్కడే వండుతున్నాను, ఇక్కడే పడుకుంటున్నాను. రేపు నువ్వూ ఒక పిల్లని తెచ్చుకుంటావు. అది నాన్న పేరు పలక్కుండా, పుట్టింటిని మరవకుండా ఎలా నెగ్గుకొస్తుందో అప్పుడు చూద్దువుగాని. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే నవ్వుకునేదాన్ని చిన్నప్పుడు.

మొన్న ఎవరో మా చలికాలపు ఇల్లు తగలబెట్టారు. లోపలున్న ముసలి కాపలావాడి అరచేతులు కాలిపోయాయి. చర్మం తొడుగులా ఊడి వస్తుంటే మా అత్తగారు కొవ్వు రాస్తున్నారు. అది నువ్వు కాదనే అనుకుంటున్నాను. నువ్వే అయితే నాకు చెప్పకు.

గుర్రాల గురించి ఏమీ రాయను. ఇంటాయన పిలిచి, "మీవాళ్లకి రాసుకో, నేనెప్పుడైనా వద్దన్నానా. గుర్రాల ఊసు ఒక్కటీ ఎత్తకు" అన్నాడు. ఆ మంచితనానికి తలొంచి మాటిచ్చాను.

షోకిలా ఊసు ఎత్తొద్దని మాత్రం ఎవరూ అనలేదుగా. వాడి కబుర్లు నాన్నకి చదివి వినిపించు, కాస్త నవ్వుకుంటాడు. ఆ పేరు నేను పెట్టిందే. పొద్దున అందరికంటే ముందు లేచి, బావి తొట్టిలో మొహం చూసుకుని, నుదుటి మీద జుట్టు ఎగరేస్తే గానీ వాడికి తెల్లవారదు. ఆడగాలి సోకిందంటే నడకే మారిపోతుంది. నా చేత్తో పెడితేనే తిండి. మా అత్తగారు పెడితే మొహం అటు తిప్పుకుంటాడు. అందరి కళ్లూ వాడి మీదే అని, నా పెళ్లి పట్టులోంచి ఎర్రముక్క చించి దిష్టికి మెడలో కట్టాను. "వాణ్ని చెడగొడుతున్నావు" అంటాడు ఇంటాయన. చెడితే చెడనీ. ఈ చోట నాకు సొంతమనిపించేది వాడొక్కడే.

తెగేదాకా లాగకు, సార్సెన్.

దమేలి


తెల్లకొండల కింద నుంచి

అక్కా,

నాలుక మారిందన్నాను కదా, వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు నక్కకి చదువు చెప్పేదానివి. మాట తప్పకుండానే అన్నీ చెప్పావు.

షోకిలా కబురు నాన్నకి చదివాను. నవ్వొద్దు, ఎముకలు కదులుతాయని అంటున్నా వినకుండా నవ్వి, తర్వాత నొప్పికి ఏడ్చి, మళ్లీ చదవమన్నాడు. "ఎర్రగుడ్డ కట్టిందా, నా తల్లే" అని ఆ రోజు పడుకోబోయే దాకా అంటూనే ఉన్నాడు. జుట్టెగరేసే సంగతి దగ్గరికొచ్చేసరికి మా వాళ్లంతా తొడలు చరుచుకున్నారు. పేరు కూడా ఎంత బాగా కుదిరింది.

ఇల్లు తగలబెట్టింది నేనే. చెప్పొద్దన్నావు, చెబుతున్నాను. కడుపులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి రాయడం నావల్ల కాదు. నాన్న వేళ్లు వంకరగా అతుక్కున్నాయి, ఇక కళ్లెం పట్టలేడు. ముసలివాడి చేతులు ముసలివాడి చేతులకి సరిపోయాయి.

మేం చేతులు ముడుచుకుని కూర్చోం, నువ్వూ అలా అనుకోవు. కానీ ఒకటి. మా వాళ్లందరి ముందూ రొట్టె పట్టుకుని ఒట్టేశాను. ఏ దుమ్ములో ఏం జరిగినా షోకిలా మీద ఈగ వాలనివ్వం. ఎర్రగుడ్డ కనపడగానే ఎవడైనా సరే కర్ర దించాలన్నాను. నువ్వు ఆ గుడ్డ మాత్రం ఊడనివ్వకు.

సార్సెన్


ఉస్త్యుర్త్

సార్సెన్,

షోకిలా పోయాడు. నిన్న పొద్దెక్కేసరికి ప్రాణం పోయింది, తల నా ఒళ్లోనే. పుర్రె చితికిపోయింది. ఒక కన్ను మూసినా మూసుకోవడం లేదు.

రొట్టె పట్టుకున్నావు కదా. గుడ్డ ఊడిపోకూడదని ముడి నేనే బిగించాను. ఎవరి చెయ్యో నేను అడగను, తెలిస్తే నేను బతకలేను.

బుధవారం పెద్ద కుండలు ఎక్కుతాయి. చుట్టుపక్కల అందరూ వచ్చి తింటారు, మంట నేనే పెట్టాలి. నువ్వు రా. నాన్న గుర్రం ఎక్కగలిగితే నాన్నని, లేకపోతే మన వాళ్లందరినీ తీసుకురా. దూరం నుంచే దౌడు తీయిస్తూ, గొంతు పగిలేలా కేకలు వేస్తూ రండి. వీళ్లందరూ వినాలి. నువ్వు రాకపోతే నాకు ఈ జన్మకి తమ్ముడు లేడు.

ఇంకేమీ రాయలేను.

దమేలి


తెల్లకొండల కింద నుంచి

అక్కా,

పిలిచావు, వచ్చాను. నువ్వు కుండ దగ్గర కొయ్యలా నిలబడి ఉన్నావు. నా వెనక ఎక్కమని పిలిచాను. వినిపించిందో లేదో నాకు తెలియదు. నిన్ను ఒకటి అడగాలి. దానికి ముందు నేను చూసింది చూసినట్టు రాస్తాను, నాలో నాకు కూడా తేలాలి.

నీ ఉత్తరం వచ్చేసరికి మేం ఒకసారి మీ లోయలో మంద మీద పడి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. అక్కడ కాపలా ఉన్న పడుచువాడొకడు మాకు అడ్డం వచ్చాడు. వాడి మెడలో ఎర్రపట్టు. కులాకి మా అక్క కట్టిన దిష్టిగుడ్డ వీడు విప్పి కట్టుకున్నాడని నాకు ఒళ్లు మండింది. మిగతావాళ్లు కర్రలు దించారు. నేను దించలేదు. పడ్డాక కూడా కొట్టాను. తర్వాత పుర్రె చితికిందని నువ్వు రాస్తే, ఆ కసి కులా మీద తీర్చుకున్నారనుకున్నాం. కుండలెక్కుతాయంటే వాడి మాంసమే అనుకున్నాం. నాన్నకి చదివి వినిపిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పగ తీర్చుకోమనే పిలిచావనుకుని, మొహాలకి గుడ్డలు చుట్టుకుని, నువ్వు చెప్పినట్టే దౌడు తీయిస్తూ కేకలేస్తూ వచ్చాం. మీ మగవాళ్లు గుడారం ముందు వరసగా చేతికర్రల మీద వంగి నిలబడి గట్టిగా ఏడుస్తున్నారు. దెబ్బ పడకముందే ఏడుస్తున్నారు చూడండ్రా అని మా వాడొకడు నవ్వాడు. గుడారం పక్కన ఈటెకి ఎర్రజెండా కట్టి ఉంది. పడుచువాళ్లు పోతే అలా కడతారని నాకు తెలియదా అక్కా? తెలుసు. ఆ ఎరుపు చూసేసరికి నాకు కులా మెడే గుర్తొచ్చింది.

మీ మామగారు రెండు చేతులూ చాచి ముందుకొచ్చాడు. ఆ చేతుల మీదే కొట్టాను. ఒక్కడూ చెయ్యెత్తలేదు. మా వాళ్లు పండగలో బంతి కొట్టినట్టు కొట్టారు. గుర్రాలు మనుషుల మీద కాలు పెట్టడానికి బెదిరి వెనక్కి తగ్గుతుంటే కొరడాలతో తోలాం. బావ నా కళ్లెం పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి నాకు అందించాడు, దిగడానికి. గుడ్డ చుట్టుకున్నా నన్ను గుర్తుపట్టాడు. "దిగరా, దిగు. మీ అక్క తిండి మానేసింది, నువ్వైనా చెప్పు" అన్నాడు. కర్ర అప్పటికే పైకి లేచి ఉంది. ఆపలేకపోయానని అబద్ధం రాయను. ఆపలేదు.

ఎవరో కుండని తన్నితే దొర్లినవన్నీ గొర్రె తలలు. అప్పుడు వెనక మంద నుంచి సకిలింపు వినపడింది. కులా. ఒంటి మీద గీత కూడా లేదు. మెడలో ఏ గుడ్డా లేదు, ఎప్పుడూ కట్టిన గుర్తు కూడా లేదు.

ఇంటికి తీసుకొచ్చాను. నాన్న వాణ్ని చూశాడు, నా బట్టలు చూశాడు. "పోయాడని రాసింది కదరా నా బిడ్డ. మరి ఎవడు పోయాడు?" అన్నాడు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. కులా దగ్గరికీ వెళ్లలేదు.

బావ లేచాడా? షోకిలా ఎవరు?

సార్సెన్


ఉస్త్యుర్త్

సార్సెన్,

షోకిలా నా మరిది. ఇంటాయనకి ఒక్కగానొక్క తమ్ముడు. మరిది పేరు వదిన పలకదు కాబట్టి ముద్దుగా ఒకటి పెట్టుకున్నాను. ఏ ఇంట్లోనైనా కోడలు ముద్దుపేరు పెట్టేది మరిదికి గాని గుర్రానికా? నీకూ తెలుసనుకున్నాను. నీ ఒట్టు చదివి, మా తమ్ముడు మా మరిదిని కాపాడుకుంటున్నాడని మురిసిపోయి, వాణ్ని కూర్చోబెట్టి నీ మాటలు చదివి వినిపించాను. "మీ తమ్ముడు మంచోడే వదినా, నాకు భయం లేదు" అని మందకి వెళ్లాడు. అందుకే నీకు అడ్డం వచ్చాడు. పారిపోవాలంటే మంచి గుర్రమే వాడి కింద ఉంది.

మీ బావ లేవలేదు. చావుకొచ్చే చుట్టాల్లాగే మీరు దౌడు తీయిస్తూ, కేకలేస్తూ వస్తుంటే చూసి, "చూశావా, మీ వాళ్లు పగ పక్కనపెట్టి ఏడవడానికొస్తున్నారు" అని నాతో చెప్పి, కళ్లు తుడుచుకుని నీకు ఎదురొచ్చాడు. శోకానికొచ్చేవాళ్ల కంట పడకూడదని దుడ్డుకర్రలన్నీ అంతకుముందే లోపల పెట్టించాడు. ఆయన పక్కన ఇంకో ఇద్దరిని మట్టిలో పడుకోబెట్టారు. మామగారి చేతులు రెండూ పనికిరావు. మాంసం సన్నగా కోసి నేనే నోట్లో పెడుతున్నాను. నమలడం కూడా మానేసి నా మొహంలోకి చూస్తారు. నువ్వు కొట్టింది ఆయన చేతుల మీద, ఆ చూపు పడుతున్నది నా మీద. నిన్ను ద్వేషించడానికి ప్రయత్నిస్తున్నాను. రోజులో చాలాసేపు కుదురుతోంది.

పెద్దలొచ్చారు. కంటి కోసం కాదు, ఇప్పుడు దాని ఊసే లేదు. మొహాలకి గుడ్డలున్నాయి, దుమ్ము ఉంది, ఎవరు ఎవరిని కొట్టారో చూసినవాళ్లు లేరు. బతికి ఉన్నవాళ్లలో మీ బావ పడ్డచోటికి దగ్గరగా నిలబడింది నేనొక్కదాన్నే. "కొట్టినవాడి పేరు చెప్పు. వాడొక్కడితో ఆపేస్తాం. చెప్పకపోతే మీ తెల్లకొండల కింద గుడారం ఒక్కటి మిగలదు" అన్నారు. నాన్న వంకర వేళ్లతో కళ్లెం పట్టుకోవడానికి తడుముకోవడం కనిపించింది నాకు.

మామగారు పడుకున్న చోటు నుంచే, "అమ్మా, బలవంతం లేదు. నీ తోబుట్టువు" అన్నారు. ఆ ఒక్కమాటకి నేను విరిగిపోయాను. ఈ ఇంట్లో అందరి పేర్లూ మింగి బతికాను. పుట్టింటి పేరు పలకడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు లేదు.

పలికాను. గట్టిగా, అందరికీ వినపడేలా.

బేరగాడు వీళ్లకంటే ముందే నీకు చేరతాడు. నాన్నని మిగతావాళ్లకి అప్పగించి గుర్రం ఎక్కు. బావులున్న దారిన పోకు, అక్కడ కాస్తారు. నీళ్లు లేని దారిన పో. వాళ్ల గుర్రాలు రెండో రోజుకి కూలబడతాయి, నీ కిందిది నడుస్తుంది. అంత ఖరీదు పెట్టి తెచ్చుకున్నావు, నడిపించుకో.

ఎక్కడ ఆగావో నాకు రాయకు. వాళ్లు మళ్లీ అడిగితే మళ్లీ చెబుతాను.

దమేలి